చప్పుడు చేయని ప్లేయర్

పిల్లలూ, బదిలీ ఉద్యోగుల ఇళ్లలో అటక మీద ఏముంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఖాళీ అట్టపెట్టెలు! మిక్సీది ఒకటి, టీవీది ఒకటి, గడియారం వచ్చిన చిన్న పెట్టె కూడా. పారేద్దామంటే, "మళ్లీ బదిలీ వస్తే దేంట్లో సర్దుతాం?" అని ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. మా ఇంట్లో ఆ అడ్డుపడేది నేనే.

పదకొండేళ్ల ఉద్యోగంలో బళ్లారి, ఖరగ్‌పూర్, బరంపురం తిరిగి రాయ్‌పూర్ వచ్చాం. దేవేంద్ర నగర్‌లో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. సామాను విప్పుతుంటే మా పాత సీడీ ప్లేయర్ కనిపించింది. దాని పెట్టె ఎప్పుడో పోయింది. దుప్పట్ల మధ్య పెట్టి తెచ్చాం. లారీ కుదుపులకు ట్రే బిగుసుకుపోయింది. లోపల ఏదో విరిగి గలగలమంటోంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్లేయర్ కోసం కాదు, మా నాన్నగారి సీడీ కోసం.

నాన్నగారు పార్వతీపురంలో తెలుగు మాస్టారు. రోజూ తెల్లవారుజామున పోతన గజేంద్ర మోక్షం పద్యాలు చదివేవారు. ఒకరోజు మా తమ్ముడు ఆయన ముందు మైకు పెట్టి, కంప్యూటర్లో రికార్డు చేసి, సీడీలోకి ఎక్కించాడు. నాన్నగారు పోయాక మా పాప పుట్టింది. తాతయ్య తనకు ఆ గొంతులోనే తెలుసు. ఏ ఊళ్లో ఉన్నా పొద్దున్న ఆరింటికి ఆ పద్యాలు మొదలైతేనే అది మా ఇల్లు.

"ఫోన్లో కాపీ ఉంది కదమ్మా!" అంది పాప. ఉంది. కానీ మొసలి ఏనుగు కాలు పట్టుకున్న చోటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఫోన్ పట్టుకుని నేను బయటికి వెళితే తాతయ్య కూడా నాతో బయటికి వచ్చేస్తారు. ప్లేయర్ అయితే ఒకచోట ఉంటుంది. వంటింట్లో నేనూ, చాప మీద పాపా ఒకేసారి వింటాం.

అందుకే కొత్త ప్లేయర్ వెతికాను. నాకు కావలసినవి రెండే: లారీ ప్రయాణాన్ని తట్టుకోవాలి, ఆడేటప్పుడు చప్పుడు చేయకూడదు. కంప్యూటర్ డ్రైవు వద్దనుకున్నాను. అది సీడీని మరీ వేగంగా తిప్పుతుంది, ఆ రొద పద్యాన్ని మింగేస్తుంది. చివరికి పండ్రి దగ్గర ఒక చిన్న రిపేరు దుకాణంలో వాడిన ప్లేయర్ ఒకటి దొరికింది. బరువైన ఇనుప డబ్బా. మీటలన్నీ ముందు పలక మీదే ఉన్నాయి. బదిలీల్లో రిమోట్ ఎప్పుడూ ముందే పోతుంది కాబట్టి అది నాకు నచ్చింది. ట్రేని లాగే రబ్బరు బెల్టు సాగిపోతే మార్చుకోవచ్చని దుకాణదారు విప్పి చూపించాడు.

ఇంటికి తెచ్చి నాన్నగారి సీడీ పెట్టాను. గుర్ర్‌మని ఒకటే రొద! మర్నాడే రెండూ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. అతను వేరే సీడీ వేసి, నా చేతిని ప్లేయర్ మీద పెట్టమన్నాడు. కదలికే లేదు. నాన్నగారి సీడీ వేయగానే అరచేయి అదిరింది.

"మేడమ్, తప్పు ప్లేయర్‌ది కాదు, ఈ స్టిక్కర్‌ది" అన్నాడు.

ఆ స్టిక్కర్ నేనే అంటించాను, 'నాన్నగారు' అని రాసి, ఒక వారగా. సీడీ మొదట్లో నిమిషానికి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. చివరి అంచుకు వచ్చేసరికి 200కు తగ్గుతుంది. అంత వేగంలో ఒక పక్క బరువుంటే ఊగక ఏం చేస్తుంది? పీకేద్దామని గోరు పెట్టబోతే అతను చేయి అడ్డుపెట్టాడు. సీడీకి కాంతిని వెనక్కి పంపే పల్చటి పొర పేరు రాసే వైపే, పైపూత కిందే ఉంటుందట. స్టిక్కర్‌తో పాటు అది ఊడిందంటే పాటా పోతుంది, మాటా పోతుంది. ఇంట్లో రాసిన సీడీలకు ఎండ కూడా పడదట. రాయ్‌పూర్ ఎండాకాలం సంగతి మీకు తెలిసిందేగా! అందుకని అక్కడే కొత్త సీడీలోకి కాపీ తీయించాను. ఈసారి స్టిక్కర్ లేదు. సీడీల కోసం అమ్మే మెత్తటి పెన్నుతో పేరు రాశాను.

మర్నాడు ఆరింటికి కూలర్ ఆపేసి సీడీ పెట్టాం. ప్లేయర్ ఉన్నట్టే తెలియలేదు. నాన్నగారు ఒక పద్యం ముగించి ఊపిరి తీసుకున్నారు. ఆ సందులో ఎక్కడో దూరంగా ఒక ఆడగొంతు వినిపించింది.

"కాఫీ చల్లారిపోతోందండీ!"

"ఆఁ, వస్తున్నా" అని నెమ్మదిగా అని, నాన్నగారు తర్వాతి పద్యం ఎత్తుకున్నారు.

పాప గభాలున లేచి కూర్చుంది. "అమ్మా, అమ్మమ్మ!" అంది.

ఇన్నేళ్లూ ఆ మాట ఆ సీడీలోనే ఉంది. రొద కింద పడి మాకు వినిపించలేదు, అంతే. వెంటనే పార్వతీపురం ఫోన్ చేశాను. అమ్మ విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన ఆ రోజు కూడా చల్లారిన కాఫీయే తాగారు" అంది.

పిల్లలూ, మీ తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు ఉన్న ఊళ్లకు సెలవుల్లో వెళతారు కదా. ఈసారి వాళ్ల మాట ఒక పది నిమిషాలు రికార్డు చేయండి. కథ చెప్పినా సరే, కూర ఎలా వండాలో చెప్పినా సరే. ఒక్క కాపీతో ఊరుకోకండి, రెండు మూడు చోట్ల దాచండి. వెనక వినిపించే కోడికూత, గిన్నెల చప్పుడు మాత్రం తీసేయకండి.

మా ప్లేయర్‌కు సరిపడే అట్టపెట్టె ఒకటి దుకాణదారే వెతికి ఇచ్చాడు. అది ఇప్పుడు అటక మీద ఉంది. దాని మీద పాప తెలుగులో, తన చేత్తో రాసింది: 'తాతయ్య, అమ్మమ్మ. జాగ్రత్తగా దించండి.'