కాలు జారితే

"కాలు జారితే ఎట్ల పాపా?"

మా అక్క తన కూతురితో అన్న మాట ఇది. పోయిన సంక్రాంతి సెలవుల్లో, మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్‌కు పోయే దారి పక్కన, ఒక పెద్ద గుండు కింద నిలబడి ఉన్నాం. పిల్లకు పదమూడేళ్ళు. బండ నలభై అడుగులుంటుంది. తల్లికి భయం వేయడంలో తప్పేమీ లేదు. కానీ ఆ మాట నా చెవిలో పడగానే ఇంకో అర్థం కూడా దానితో పాటే వచ్చి కూచుంది. మన భాషలో ఆడపిల్లకు కాలు జారితే అది మోకాటి చిప్పకు తగిలే దెబ్బ కాదు. మగవాడు జారి పడితే పడ్డాడంటారు, అంతే.

బెంగళూరులో ఉద్యోగం చేసే నా స్నేహితురాలు తాళ్ళూ కొక్కేలూ సంచిలో వేసుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళుగా బండలెక్కుతున్న మనిషి. నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి పిల్లకు ఆమె చెప్పిన మొదటి పాఠం: "చున్నీ తీసెయ్. జడ లోపలికి దోపుకో." తాడు నడిచే ఇనప పరికరంలో చున్నీ గానీ జుట్టు గానీ ఇరుక్కుంటే ప్రమాదం, అందుకు. పిల్ల చున్నీ తీయకుండా వాళ్ళమ్మ మొహం వైపు చూసింది. అక్క రోడ్డు వైపు చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. అప్పుడు తీసి నా చేతికిచ్చింది. బండ ఎక్కడంలో కష్టమైన భాగం అక్కడే అయిపోయిందేమో అనిపించింది నాకు.

అసలు ఆ కొండ ఒక ఆడపిల్లది. మా పెద్దవాళ్ళకు అది హార్స్‌లీ కొండ కాదు, ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సాకుడులో పెరిగిన మల్లమ్మ అనే పిల్ల అక్కడ ఒంటరిగా తిరిగేదనీ, జబ్బుపడిన వాళ్ళకు మందిచ్చేదనీ, ఒకరోజు కనిపించకుండా పోయిందనీ కథ. గుడి ఇప్పటికీ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకున్నాడు, పేరు ఆయనదైంది. నాలుగు వేల అడుగుల ఎత్తున అడవిలో తిరిగిన పిల్లను దేవతను చేసి మొక్కుతాం. మన ఇంటి పిల్ల గుండెక్కితే మాత్రం "మగరాయుడు" అంటాం.

పుంగనూరులో మా అవ్వావాళ్ళ వీధి చివర ఒక జారుడుబండ ఉండేది. తరతరాల పిల్లల లాగులూ పావడాలూ రాసుకుని నున్నగా మెరిసేది. అరచేతులతో, అరికాళ్ళతో దాన్ని ఎగబాకి, జారి, మళ్ళీ ఎగబాకేవాళ్ళం. పావడా చిరిగితే అమ్మ తిట్టేది, అవ్వ కుట్టేది. నేను పెద్దమనిషినయిన ఏడాది, ఒక సాయంత్రం పిల్లలతో బయలుదేరుతుంటే అవ్వ అరుగు మీద నుంచే, "ఇంక చాల్లేమ్మీ" అంది. కోపంగా కూడా అనలేదు. మా మామ కొడుకులిద్దరూ, నాకన్నా పెద్దవాళ్ళు, వెళ్ళారు. నేను అరుగు మీద కూచున్నాను. నా శరీరం నాకు చేతనైన పని కాకుండా, నేను కాపాడవలసిన వస్తువు అయిన సాయంత్రం అది. ఇదంతా చాలా ఏళ్ళ తర్వాత, ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన "త్రోయింగ్ లైక్ ఎ గర్ల్" వ్యాసం చదువుతున్నప్పుడు తట్టింది. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు ఒళ్ళంతా వాడదనీ, చుట్టూ ఉన్న చోటును తనదనుకోదనీ, అది పుట్టుకతో వచ్చిన బలహీనత కాదు, నేర్పబడినదనీ ఆమె వాదన. ఆమెకు మా జారుడుబండ తెలియదు గానీ, నాకు మాత్రం ఆ అరుగే కనిపించింది.

బండ మీద ఈ నేర్పును ఎలా విప్పుతారో ఆ రోజు దగ్గరగా చూశాను. చేతుల బలంతో ఒంటిని పైకి గుంజుకోవడమే ఎక్కడమని అనుకునేదాన్ని. అలా చేసేవాళ్ళే తొందరగా అలిసిపోతారట. మా వైపు బండలు వాలుగా, గరుగ్గా ఉంటాయి. పట్టు దొరకదు, కాలి కింది రాపిడినే నమ్మాలి. బరువు పాదం మీద వేస్తేనే పాదం నిలుస్తుంది. భయపడి బండకు కరుచుకుంటే జారుతుంది. అంటే ఒదిగి, ముడుచుకుని ఉండమని పదేళ్ళుగా నేర్పినదంతా అక్కడ పనికిరాదు. మా పిల్ల మొదటిసారి పదడుగుల దగ్గర జారింది. తాడు పైన లంగరు చుట్టి తిరిగి కిందనున్న మనిషి చేతిలోకి వస్తుంది కనుక, ఒక అడుగు కిందికి వచ్చి ఊగి ఆగింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నవ్వు. జారాక కూడా ఏమీ కాలేదన్న నవ్వు.

ఈ మాటలు రాస్తుంటే పూర్ణ గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన, వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా దళిత కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ ముగించింది. గర్వంగానే ఉంటుంది. కానీ పదమూడేళ్ళ పిల్లను ఎవరెస్టుకు పంపడం పిల్లలకు మేలని నేను అనలేను. పదహారేళ్ళు నిండనివాళ్ళకు నేపాల్ అనుమతి ఇవ్వదు కనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే ఏప్రిల్‌లో నేపాల్ వైపు మంచుపెళ్ళలు విరిగిపడి పదహారు మంది కొండకూలీలు చనిపోయారు. నా మనసు భువనగిరి దగ్గరే ఆగుతుంది. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉండగా సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలను వందమందికి పైగా ఆ ఏకశిల దగ్గరకు తీసుకెళ్ళారు. శేఖర్ బాబు శిక్షణ ఇచ్చారు. వాళ్ళలోంచి చివరికి ఇద్దరు శిఖరం చేరారు. మిగిలినవాళ్ళ మీద సినిమా రాలేదు. కానీ వాళ్ళూ తాడు కట్టుకున్నారు, జారారు, ఒకరి తాడు ఒకరు పట్టుకున్నారు. ఏ కులం పిల్ల ప్రాణం ఏ కులం పిల్ల చేతిలో ఉందో చూసుకునే తీరిక బండ మీద ఉండదు. అసలు లాభం అక్కడుందని నాకనిపిస్తుంది.

నష్టాలు లేవనను. ఎదిగే వయసులో వేళ్ళ ఎముకల చివర మెత్తటి పొరలుంటాయి. పోటీల పిచ్చిలో వేళ్ళ మీద వేలాడే కసరత్తులు అతిగా చేయిస్తే అవి చిట్లుతాయి. ర్యాంకుల పిచ్చిని బండ మీదికి కూడా ఎక్కించగలం మనం.

ఇంకొక సంగతి నన్ను వదలదు. పరిశోధన పని మీద కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి పోతూ వస్తూ, పలమనేరు దాటాక బస్సు కిటికీలోంచి చూసేదాన్ని. మేము ఎక్కిన రాయే అక్కడ పలకలై లారీలెక్కుతుంది. కుప్పం గ్రీన్ అని గ్రానైటు వ్యాపారంలో దానికి పేరు. క్వారీల పక్కన కంకర కొట్టే ఒడ్డెర ఆడవాళ్ళను ఎన్నిసార్లు చూశానో. రాయి ఎక్కడ పగులుతుందో, ఎక్కడ కాలు నిలుస్తుందో వాళ్ళకు తెలిసినంత నా స్నేహితురాలికీ తెలియదు. వాళ్ళ నడుముకు ఏ తాడూ ఉండదు. వాళ్ళ పిల్లలకు బండెక్కడం మేలని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను? అయినా ఆ పిల్లలకే ముందు చెప్పాలనిపిస్తుంది. రాతితో కూలి తప్ప ఇంకే సంబంధమూ ఉండకూడదని ఎవరు రాశారు?

ఆ సాయంత్రం ఎండ దిగాక నా స్నేహితురాలు తాడు కొసను మా అక్క చేతికిచ్చింది. తను వెనక నిలబడి మిగిలిన తాడు పట్టుకుంది. ఎలా లాగాలో, ఎలా బిగించాలో రెండుసార్లు చూపించింది. అక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది, కొంగు నడుముకు చుట్టి గట్టిగా బిగించింది. పిల్ల ముప్పై అడుగుల దగ్గర ఆగిపోయి, కాలు వణుకుతుంటే కిందికి చూడకుండానే అరిచింది.

"అమ్మా, పట్టుకున్న్యావా?"

"పట్టుకోనుండా. ఎక్కు."