ఉప్పు కాగితం

తాత రేడియో 20 ఏళ్లుగా నాన్నమ్మ ఇంట్లో అటక మీదే ఉంది. పాత వాల్వుల సెట్టు. సెకండియర్ సెలవుల్లో కిందకి దించితే అడుగు పలకంతా చెద. పాట సంగతి తర్వాత, ముందు పెట్టె బాగుచేద్దామనుకున్నా.

అడుగుకి ప్లైవుడ్ కోసి ఫెవికాల్‌తో అతికించా. ఆ మాత్రానికే పెద్ద వడ్రంగినైపోయినట్టు ఫీలయ్యా. పై పలక మీద 80 నంబరు ఉప్పు కాగితంతో ఓ పట్టు పట్టా. నున్నగా వస్తోందని మురిసిపోతుంటే, కుడి మూల రంగు మారింది. లోపలి ప్లై బయటపడింది!

ఆ ఊరి వడ్రంగి మామ చూసి తల పట్టుకున్నాడు. "అది కర్ర కాదు అల్లుడూ, పైన అతికించిన వినీర్. మిల్లీమీటరు కూడా ఉండదు. 220 కాగితంతో నిమిరినట్టు రుద్దాలి." (మెటీరియల్స్ ల్యాబ్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి లెండి.)

లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పల్చగా ఆరు పూతలు వేశాం. అంతా మెరిసింది, ఆ మూల తప్ప.

నాన్నమ్మకి చెప్పడానికి రెండ్రోజులు పట్టింది. "తాత ఉంటే తిట్టేవాడా?" అని అడిగా.

"కొట్టేవాడు" అంది.

ఇప్పుడు దాని మీద ఆవిడ అల్లిన క్రోషా గుడ్డ ఉంది. సరిగ్గా కుడి మూల మీదికే కాస్త ఎక్కువ జారి ఉంటుంది. వెళ్లినప్పుడల్లా నేను సర్దుతా. చుట్టాలెవరైనా వచ్చేసరికి మళ్లీ జారి ఉంటుంది.