కొల్లేటి చేప రంగు మారే చోటు

గుడివాడ దాటాక పట్టాలకు అటూ ఇటూ పల్లం. మండవల్లిలో దిగితే ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీళ్లు కొల్లేట్లో నిలిచి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే ప్రాంతమిది.

ఒక గట్టు దగ్గర శీలావతి, బొచ్చె చేపల్ని ఐసులో పేర్చి లారీకెక్కిస్తున్నారు.

"ఎక్కడికి బాబాయ్?"

"కలకత్తాకండి. మన దగ్గర తినేదెంత!"

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో అదే శీలావతి పులుసు. గిన్నె నిండా ఎరుపు, పైన తేలిన నూనె. ముద్ద కలపకముందే నాలుక చురుక్కుమంది. వడ్డిస్తున్నావిడ నా మొహం చూసి, "రంగుకి భయపడకండి, చింతపండు దండిగా పడింది. రేపటికైతే ఇంకా బాగుంటది" అంది. నిజంగానే కారం కంటే పులుపే ముందు తగిలింది.

ఎరుపు చూస్తే కారమని నా కంటికి చెప్పింది మిరపకాయే. మిరపకాయ లేని వంటింట్లో పెరిగితే అదే ఎరుపు పండిన పండును, తీపిని గుర్తుచేసేదేమో. రంగే కాదు, ఆకారమూ అంతే. తీపి అనగానే చాలామంది పాశ్చాత్యులు గుండ్రటి బొమ్మ చూపిస్తారు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో నమీబియాలోని హింబా పశుపాలకులు మాత్రం చేదు చాక్లెట్ కంటే పాల చాక్లెట్‌నే కోసు బొమ్మతో ఎక్కువగా జతచేశారు. నాకు వింతనిపించలేదు. మన చేగోడీ గుండ్రంగా ఉండి కారం, మైసూర్‌పాకు అంచులు తేలి తీపి.

పసుపు రంగు సంగతి మరీ బాగుంటుంది. ఆకులో పచ్చటి అన్నం కనిపిస్తే మనకు పులిహోరే, దవడల్లో పులుపు ఊరుతుంది. వసంత పంచమికి ఉత్తరాదిన వండే పచ్చటి అన్నం తియ్యన. ఇద్దరి నాలుకా ఒకటే, పండగలే వేరు.

సాయంత్రం కైకలూరు వైపు వెళ్తుంటే ఐసు నీళ్లు కార్చుకుంటూ లారీలు ఎదురొచ్చాయి. వాటిలోని శీలావతిని బెంగాల్లో రుయీ అంటారు, ఆవాలు నూరి ఝోల్ అనే పచ్చటి పల్చటి కూర కూడా వండుతారు. ఆ పసుపు చూసి నేనైతే చప్పటి పప్పనుకుంటాను. అక్కడి పిల్లాడికి మాత్రం ముక్కు పుటాల దాకా ఎక్కే ఆవఘాటు ముందే తెలుస్తుంది.