అత్తయ్యా, మీరు కూర్చోండి

నవంబరు దాటిందంటే షికాగో శివార్లలోని తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల లోకం రెండు గదులకు కుదించుకుపోతుంది. నేపర్‌విల్ అయినా, అరోరా అయినా కథ ఒకటే. బయట ఎముకలు కొరికే చలి, కాలు పెడితే జారే మంచు. కారు నడపడం రాదు. పిల్లలు పొద్దున్నే ఆఫీసులకు, మనవలు బడికి. తెనాలిలో ఉన్నప్పుడు పాల ప్యాకెట్టు తెచ్చి, రైతుబజారుకు నడిచివెళ్లి, కొత్తిమీర కట్ట దగ్గర బేరమాడి, మధ్యాహ్నం బ్యాంకు పని కూడా చక్కబెట్టుకొచ్చే మనిషి ఇక్కడ సోఫాలో కూర్చుని యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటూ కునికిపాట్లు పడుతుంటాడు.

దానికి తోడు మన మర్యాద. అత్తగారు గిన్నె పట్టుకోబోతే కోడలు లాగేసుకుంటుంది: ‘‘అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాగా!’’ మామగారు చెత్త డబ్బా బయట పెట్టబోతే కొడుకు పరుగెత్తుకొస్తాడు. పెద్దవాళ్లను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నామని పిల్లలకు తృప్తి, ‘‘మా వాడు పనేమీ చేయనివ్వడు’’ అని ఫోన్లో చెప్పుకోవడానికి పెద్దవాళ్లకు గర్వం. మెదడుకు మాత్రం ఈ వైభోగం గిట్టదు.

కొత్త విషయాలను జ్ఞాపకాలుగా భద్రపరచడంలో హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగానిది ముఖ్య పాత్ర. వయసు మీరాక అది ఏటా ఒకటి రెండు శాతం చొప్పున కుంచించుకుపోతుంటుంది. అమెరికాలో కిర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది వృద్ధులను రెండు జట్లు చేసింది. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు నడిచింది. రెండోది ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలతో సరిపెట్టుకుంది. ఏడాది తర్వాత స్కాన్ తీస్తే నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ తగ్గలేదు సరికదా, దాదాపు రెండు శాతం పెరిగింది. రెండో జట్టులో తగ్గింది. 2011లో వచ్చిన ఈ ఫలితం పెద్ద సంచలనమే. ఆ తర్వాతి ప్రయోగాలన్నిటిలో ఇంత స్పష్టంగా కనిపించలేదన్నదీ నిజమే. అయినా నడక వల్ల బీపీ, షుగరు అదుపులో ఉంటాయనడంలో సందేహం లేదు. ఆ రెండూ అదుపు తప్పితే దెబ్బతినే అవయవాల్లో మెదడూ ఉంది.

తిండి సంగతి ఇంత సూటిగా తేలలేదు. విచిత్రమేమంటే, ఆ కథ చాలావరకు ఈ షికాగో ఊళ్లోనే నడిచింది. ఇక్కడి రష్ విశ్వవిద్యాలయంలో మార్తా క్లేర్ మోరిస్ మెదడు ఆరోగ్యం కోసం ‘మైండ్’ అనే ఆహార పద్ధతిని రూపొందించారు. రోజూ ఆకుకూరలు, తరచుగా చిక్కుడు జాతి గింజలు, బాదం, అక్రోటు లాంటి పప్పులు, ముడి ధాన్యాలు, వారానికి ఒకసారి చేపలు. వెన్న, మిఠాయిలు, వేపుళ్లు బాగా తగ్గించాలి. 923 మంది తిండి అలవాట్లను గమనిస్తే, దీన్ని గట్టిగా పాటించినవాళ్లకు అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా కనిపించిందని 2015లో ప్రకటించారు. పత్రికలు ఎగిరి గంతేశాయి. అయితే 604 మందిని మూడేళ్లపాటు పరీక్షించి 2023లో లెక్కలు తీస్తే, ఈ ఆహారం తిన్నవాళ్లకూ, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్లకూ మధ్య మెదడు పనితీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం చూడకుండానే మోరిస్ 2020లో కన్నుమూశారు.

కాబట్టి బ్లూబెర్రీ డబ్బాలు కొని తెచ్చి నాన్నగారి ముందు పెడితే పనైపోతుందనుకోవడం అత్యాశే. ఆకుకూర, పప్పు కోసమైతే మనవాళ్లు మరో దేశం వంట నేర్చుకోనక్కర్లేదు. గోంగూర పప్పులో రెండూ ఉన్నాయి. చిక్కల్లా దాని కింద గుట్టగా పోసే తెల్లన్నంతో, పక్కన చేరే ఊరగాయ ఉప్పుతో, నాలుగింటికి విప్పే జంతికల డబ్బాతో. అమెరికాలోని దక్షిణాసియావాసులపై షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో జరుగుతున్న ‘మసాలా’ అధ్యయనంలో మధుమేహం 23 శాతం మందిలో బయటపడింది. శ్వేతజాతివాళ్లలో అది ఆరు శాతమే. పైకి సన్నగా కనిపించినా మనవాళ్లకు షుగరు వచ్చేస్తుంది.

విడివిడిగా కాకుండా తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ, షుగరు పరీక్షలు అన్నీ కలిపితే? ఫిన్లాండ్‌లో మియా కివిపెల్టో బృందం 60 నుంచి 77 ఏళ్ల లోపు 1,260 మందితో రెండేళ్లు ఆ పని చేసి, మేలు జరిగిందని 2015లో చూపించింది. అదే దారిలో అమెరికాలో 2,111 మందితో ‘పాయింటర్’ ప్రయోగం జరిగింది. దాని అయిదు కేంద్రాల్లో షికాగో ఒకటి. ఒక జట్టుకు పక్కా కార్యక్రమం: వారానికి నాలుగు రోజులు ఆయాసం వచ్చే వ్యాయామం, రెండు రోజులు కండరాల కసరత్తు, మైండ్ ఆహారం, రెండేళ్లలో 38 సమావేశాలు. రెండో జట్టుకు ఆరు సమావేశాలు, మిగతాది ఎవరి ఇష్టం వాళ్లది. 2025 జూలైలో వచ్చిన ఫలితాల ప్రకారం మెదడు పనితీరులో రెండు జట్లూ మెరుగుపడ్డాయి. మొదటిది ఇంకాస్త ఎక్కువ. ఆ తేడా చిన్నదే. ఇక్కడ వ్యాయామం ఎంతో, పదిమంది ఒకచోట చేరడమూ అంతే అనిపిస్తుంది. సోఫాలో ఒంటరిగా కూర్చున్న మామగారికి కరువైంది సరిగ్గా ఆ రెండే.

దారులు లేకపోలేదు. అమెరికాలో చాలా మాల్స్ దుకాణాల కంటే ముందే తలుపులు తీస్తాయి, నడిచేవాళ్ల కోసం. లోపల వెచ్చగా ఉంటుంది, జారే భయం లేదు. ఆఫీసుకు వెళ్తూ కొడుకు దింపితే నలుగురు మామగార్లు కలిసి చుట్లు కొట్టొచ్చు. అరోరా బాలాజీ గుడి కూడా మంచి కూడలే. అక్కడ ప్రదక్షిణలకు ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయి, క్యాంటీన్ దోసెతో ఎన్ని తిరిగొచ్చాయి అన్న లెక్క మాత్రం అడక్కూడదు.

మరొకటి, ఇండియాలో బయల్దేరే ముందే తేల్చుకోవాల్సింది. మతిమరుపు మొదలైందనగానే అల్జీమర్సే అని బెంబేలెత్తే ముందు బి12 చూపించుకోవాలి. శాకాహారుల్లోనూ, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మింగేవాళ్లలోనూ అది తగ్గుతుంది. దాని వల్ల వచ్చే మరపు త్వరగా పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఇక్కడికొచ్చాక విజిటర్ బీమా ఖర్చు భరించదేమోనని భయపడి పెద్దవాళ్లు ఏదీ బయటికి చెప్పరు. ఆర్నెల్ల మందులు సూట్‌కేసులో సర్దుకునే రోజే ఆ రక్తపరీక్షా అయిపోతే మేలు.

ఇక వంటిల్లు. ఒక ఇంట్లో కోడలు వారాంతపు సరుకుల చీటీ పూర్తిగా అత్తగారికి వదిలేసింది. ఇప్పుడు ఆవిడ ఇండియన్ స్టోర్లో బండి తోసుకుంటూ ప్రతి వరుసా తిరుగుతుంది, ధరలన్నీ రూపాయల్లోకి మార్చి నోటితోనే కూడుతుంది, తోటకూర కట్ట వాడిపోయిందని కౌంటర్ కుర్రాడితో తెలుగులోనే తగువు పెట్టుకుంటుంది. అతను గుజరాతీ.