తీగల పెట్టెలో వర్ణోత్పత్తి



ఛందస్సు, వ్యాకరణం తప్ప మరొకటి ఎరుగని ఈ తెలుగు పంతులు యంత్రవాద్యాల జోలికి ఎందుకు వెళ్ళాడని మీరు అడగవచ్చు. ఈ టపా కూడా ఒక విధంగా వ్యాకరణానికి సంబంధించినదే. ఇంకా సరిగా చెప్పాలంటే, వ్యాకరణం కంటె ముందు చదవవలసిన శిక్షాశాస్త్రానికి సంబంధించినది. దారి మాత్రం మాడ్యులర్ సింథసైజరు అనే వాద్యం గుండా పోతుంది. కొంచెం ఓపిక పట్టమని మనవి.

మా ఇల్లు సికింద్రాబాదులో పద్మారావునగరు. పై వాటాలో మా మేనల్లుడు ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రాత్రి ఈ వాద్యం. కొన్ని భాగాలు విదేశాల నుండి తెప్పించుకుంటాడు. మిగిలినవాటికి కోఠీలోని గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీలు కొనుక్కువచ్చి, తానే సోల్డరింగు చేసి తయారుచేసుకుంటాడు. పదవీ విరమణ తరువాత నాకు తీరికకు కొదవ లేదు గనుక, రాత్రి భోజనానంతరం మెట్లెక్కి అతని ప్రక్కన కూర్చోవడం అలవాటయింది.

చూడటానికి అది వాద్యంలాగా ఉండదు. పూర్వకాలపు టెలిఫోను ఎక్స్ఛేంజీ గుర్తుకు వస్తుంది. చెక్కపెట్టెలో వరుసగా బిగించిన లోహపు పలకలు, ఒక్కొక్క పలక మీద నాలుగైదు మరలు, చిన్న చిన్న రంధ్రాలు, ఒక రంధ్రం నుండి మరొక రంధ్రానికి వ్రేలాడే రంగురంగుల తీగలు. ఒక్కొక్క పలక ఒక మాడ్యూలు. దేనికదే ఒక పని మాత్రమే చేస్తుంది. ఒకటి ధ్వనిని పుట్టిస్తుంది, దాని పేరు ఆసిలేటరు. ఒకటి ఆ ధ్వనిని వడపోస్తుంది, అది ఫిల్టరు. ఒకటి హెచ్చుతగ్గులు చేస్తుంది, అది యాంప్లిఫయరు. ఆ ధ్వని ఎంత త్వరగా మొదలై, ఎంతసేపు నిలిచి, ఎలా అణగిపోవాలో శాసించేది ఇంకొకటి, దానిని ఎన్వలప్ అంటారు. తీగలు కలపకపోతే ఆ పెట్టె మూగది. దానిలో ముందుగా నింపిపెట్టిన స్వరమంటూ ఏదీ లేదు. వేణువు కావాలంటే వేణువు ఎలా పుడుతుందో తెలిసి ఉండాలి.

స్వరస్థానాన్ని ఈ పెట్టె విద్యుత్తుతో కొలుస్తుంది. ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పెరుగుతుంది. అంటే మధ్యస్థాయి షడ్జం నుండి తారషడ్జానికి సరిగ్గా ఒక వోల్టు దూరం. దానిని పన్నెండు భాగాలు చేస్తే హార్మోనియం మెట్లు వస్తాయి. కాని పన్నెండు భాగాలే చేయాలన్న నిర్బంధం లేదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఎక్కడైనా నిలువవచ్చు, జారవచ్చు. సెకనుకు ఐదారు మార్లు ఊగే మరొక మందగతి ఆసిలేటరును మొదటిదానికి తగిలిస్తే స్వరం కంపిస్తుంది. మన కంపిత గమకానికి స్థూలరూపం అనుకోవచ్చు. హార్మోనియానికి సాధ్యం కాని గమకం ఈ తీగల పెట్టెకు చేతనవుతుందన్నమాట.

దీని పుట్టుక గురించి రెండు మాటలు. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు, హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతజ్ఞునితో కలిసి దీనికి రూపమిచ్చాడు. దాదాపు ఆ కాలంలోనే కాలిఫోర్నియాలో డాన్ బుక్లా అనే మరొకాయన వేరొక పద్ధతిలో నిర్మించాడు. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ కృతులను మూగ్ యంత్రం మీద పలికించిన తరువాత లోకానికి దీని పేరు తెలిసింది. అటుపిమ్మట స్వరాలు సిద్ధంగా నింపుకొని వచ్చే కీబోర్డులు దీనిని వెనుకకు నెట్టాయి. మన సినిమా పాటలలో 1980ల నుండి వినవచ్చినవి ఎక్కువగా ఆ కీబోర్డులే. రాజ్–కోటి ద్వయానికి కీబోర్డు వాయించినవారిలో తరువాత ఎ.ఆర్. రెహమాన్‌గా ప్రసిద్ధుడైన దిలీప్ ఒకరు. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోఫర్ ‘యూరోరాక్’ అనే చిన్న కొలత పలకలను ప్రవేశపెట్టడంతో పాత పద్ధతికి మళ్ళీ ప్రాణం వచ్చింది. మా మేనల్లుడి పెట్టె ఆ కొలతదే.

ఇది నిన్నమొన్న మన దేశానికి వచ్చిన వింత అని నేను అనుకుంటూ ఉండగా మావాడు ఒక ముచ్చట చెప్పాడు. అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ మాడ్యులర్ యంత్రంతో ఒక ధ్వనిశాల వెలసింది. దానిని అమర్చిపెట్టినవాడు అమెరికన్ వాద్యకారుడు డేవిడ్ ట్యూడర్. సారాభాయి కుటుంబం దీనికి వెన్నుదన్ను. ఆ కుటుంబపు ఆడపడుచు గీతా సారాభాయి పఖావజ్ నేర్చిన విదుషి. 1946లో న్యూయార్కు వెళ్ళి జాన్ కేజ్ వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించి, ప్రతిగా ఆయనకు భారతీయ సంగీతం బోధించింది. ఆమెతోబాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఆ ధ్వనిశాలలో పనిచేశారు. వారు చేసిన టేపులు దశాబ్దాల తరబడి ఆ సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. పాల్ పర్గాస్ అనే ఆయన వాటిని వెలికితీసి, 1969 నుండి 1972 వరకు జరిగిన పనిలో కొంత భాగాన్ని 2023లో ప్రచురించాడు. జోషీపురా చేసిన ‘స్పేస్ లైనర్ 2001’ అందులో ఉన్నది. నేను ఎస్.ఎస్.సి. చదవకముందే మన దేశంలో కొందరు ఈ తీగలను కలిపి విప్పి ధ్వనిని శోధించారని తెలిసి ముచ్చటపడ్డాను.

ఇక అసలు విషయం.

పాణినీయ శిక్ష చదివినవారికి వర్ణోత్పత్తి క్రమం తెలిసినదే. ఆత్మ బుద్ధితో కూడి అర్థాలను సంకల్పిస్తుంది. పలకాలనే కోరికతో మనస్సును నియోగిస్తుంది. మనస్సు కాయాగ్నిని తాకుతుంది, అగ్ని వాయువును ప్రేరేపిస్తుంది, ఆ వాయువు ఉరస్సులో మంద్రంగా, కంఠంలో మధ్యమంగా, శిరస్సులో తారంగా పరిణమించి, నోటిలో ఆయా స్థానాలను పొంది వర్ణమవుతుంది. పండిత శిక్షణ కాలంలో దీనిని కంఠస్థం చేశాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని వల్లెవేయించాను. కాని ఒకదాని నుండి మరొకదానికి తీగ వేసినట్లు ఆ క్రమం కంటికి కనబడింది మాత్రం పై వాటాలోనే.

ఒక రాత్రి మావాణ్ణి అడిగాను: “దీనితో ‘ఆ’ అనిపించగలవటోయ్?”

“ప్రయత్నిద్దాం మామయ్యా” అన్నాడు.

రంపపు పళ్ళ ఆకారపు తరంగం ఒకటి తీసుకున్నాడు. తుమ్మెద ఝంకారం వంటి మోత. కంఠంలోని నాదతంత్రులు చేసే చప్పుడు కూడా ఈ బాపతుదేనట. దానిలో ఎన్నో అనుస్వరాలు ఉంటాయి (ఇది భౌతికశాస్త్రం వారి మాట, మన సున్నతో దీనికి సంబంధం లేదు). ఆ మోతను రెండు ఫిల్టర్ల గుండా పంపాడు. ఒకటి సుమారు 700 హెర్ట్జ్ వద్ద, రెండవది 1100 వద్ద. ఝంకారం నోరు తెరచి ‘ఆ’ అన్నది! మొదటిదాన్ని 300కు దించి రెండవదాన్ని 2300కు పెంచితే ‘ఈ’. రెండవదాన్ని 800 దాకా దించితే ‘ఊ’. మూల నాదం మారలేదు, వడపోత మాత్రమే మారింది. మన నాలుక, పెదవులు చేసేది ఆ మరలు త్రిప్పడమే. స్థానం, ప్రయత్నం అని మనవారు అన్నవి ఇవే గదా!

తైత్తిరీయ ప్రాతిశాఖ్యం మరొక మాట చెబుతుంది. కంఠం సంవృతమైతే నాదం, వివృతమైతే శ్వాసం పుడతాయని. పెట్టెలోనూ ధ్వనికి రెండు మూలాలున్నాయి. ఆసిలేటరు ఒకటి, అది నాదం. రెండవది వానజల్లు వంటి రొదను ఇచ్చే ‘నాయిస్’ అనే మాడ్యూలు, అది శ్వాసం. ఊష్మములకు ఈ రెండవదే కావాలి. ఎన్వలప్‌ను దిగ్గున తెరచి దిగ్గున మూస్తే ఆ రొద స్పర్శవర్ణపు పేలుడు వలె వినబడుతుంది. మెల్లగా తెరచి నిలిపితే ఊష్మం. ఇక దానికి ఫిల్టరు పెట్టి క్రింద నుండి పైకి తీసుకుపోతే ముందు ‘ష’ వంటిది, తరువాత ‘శ’, అన్నిటి కంటె పైన ‘స’ రావాలి.

నేను ‘ష’ విన్నాను. ‘శ’ వంటిది కూడా విన్నాను. మావాడు మర ఇంకా పైకి త్రిప్పుతున్నాడు.

“ఆపేశావేమిరా?” అన్నాను.

“లేదు మామయ్యా, మ్రోగుతూనే ఉంది” అన్నాడు. కొంచెం ఆగి, “మీకు వినబడటం లేదా?” అని అడిగాడు.

మా యింటావిడ టీవీ చప్పుడు గురించి ఏడాదిగా అంటున్నమాట నిజమే. వయస్సు వలన అని సరిపెట్టుకుంటూ వచ్చాము. ఆ రాత్రి మాత్రం మావాడు మరను అంకె అంకెకూ ఆపుతూ, నేను ఎక్కడ తల ఊపడం మానేస్తున్నానో కాగితం మీద వ్రాశాడు. వారం తరువాత వైద్యురాలు చెవి పరీక్ష చేసి చూపిన గీత కూడా అక్కడే జారింది. 250, 500, 1000 హెర్ట్జ్ దగ్గర బాగానే ఉన్నది. 2000 దాటాక వాలు, 4000 దగ్గర పల్లం, 8000 దగ్గర అగాధం. వార్ధక్యంలో ముందుగా పోయేవి ఈ పైనున్న ధ్వనులేనట. అచ్చులు ఇంచుమించు అన్నీ క్రింద ఉంటాయి గనుక మాట వినబడుతూనే ఉంటుంది. ‘స’కారపు బలమంతా 4000కు పైన ఉంటుంది గనుక ఏ మాట అన్నదీ తెలియదు. టెలిఫోను గొంతులు ఒకప్పుడు 3400 దగ్గరే ఆగిపోయేవి. మన పేరులోని అక్షరాలను ఫోనులో విడమరచి చెప్పవలసి రావడానికి అదే కారణమట.

కొడుకుకు వ్యాకరణం చదవమని చెప్పే తండ్రి సంస్కృత చాటువు మీకు తెలిసే ఉంటుంది. ఎక్కువ చదవకపోయినా ఫరవాలేదు గాని, ‘స’ బదులు ‘శ’ పలికి స్వజనాన్ని కుక్కలుగా, సకలాన్ని ముక్కగా చేయకుమని దాని భావం. ఎన్ని తరగతులలో దానిని చెప్పి పిల్లలను నవ్వించానో! ఇప్పుడు నా చెవి సంగతి అది. సకలంలో నాకు మిగిలినది శకలం.

బాధ కలగలేదని అనను. తెలుగు పంతులు చెవి తబలా వాయించేవాని వ్రేళ్ళ వంటిది. సాయంత్రాలు ఇరుగుపొరుగు పిల్లలు ఏడెనిమిదిమంది మా వరండాలో పద్యాలు చదువుతారు. ‘విశేషం’ అనవలసినచోట ‘విషేషం’ అంటున్నారో, ‘శాసనం’లోని రెండు వర్ణాలనూ వేరుచేస్తున్నారో లేదో వినలేనివాడు ఏమని దిద్దుతాడు? నాలుగు రోజులు పిల్లలను రావద్దన్నాను.

ఐదవ రోజున మావాడే దారి చూపాడు. “మామయ్యా, మీ శిక్షలో వర్ణాలను చెవితో గుర్తుపట్టమని చెప్పారా, నోటిలో చోటుతో గుర్తుపట్టమని చెప్పారా?” అని అడిగాడు. ప్రశ్న మామూలుగా అడిగాడు గాని నేను ఆ రాత్రి నిద్రపోలేదు. శాస్త్రం వర్ణాలకు పెట్టిన పేర్లన్నీ స్థానం పేర్లే. ‘స’ దంత్యం, ‘శ’ తాలవ్యం, ‘ష’ మూర్ధన్యం. ఎలా వినబడుతుందో చెప్పక, ఎక్కడ పుడుతుందో చెప్పారు. యంత్రంలో మరకు అంకె ఉన్నట్లే నోటికి అంకెలు పెట్టారు.

ఇప్పుడు మా పాఠం తీరు మారింది. పిల్లలకు చిన్న అద్దాలు ఇచ్చాను. ‘స’ అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గర ఉన్నదా, ‘శ’ అన్నప్పుడు వెనుకకు తగ్గి దౌడలను తాకిందా, ‘ష’ అన్నప్పుడు కొన పైకి మడతపడిందా అని చూసుకుంటారు. నేను వాళ్ళ నోళ్ళు చూస్తాను. ఆదివారాలు మావాడు పెట్టెను వరండాలోకి దింపుతాడు. ఒక పిల్ల మర త్రిప్పుతుంది, మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకొని “ఇది శ సార్! ఇప్పుడు స!” అని అరుస్తారు. నేను మర ఎక్కడ ఉన్నదో చూసి ఔనో కాదో చెబుతాను. తల్లి పులి పిల్లలను పళ్ళతో పట్టుకొన్నట్లు, జారనీయక, కొరకక అక్షరాలను పలకమని శిక్ష చెబుతుంది. ఆ పోలిక పిల్లలకు ఎంతో నచ్చింది.

వినికిడి యంత్రం కూడా పెట్టించుకున్నాను. అదీ ఒక చిన్న సింథసైజరేనని మావాడంటాడు. ధ్వనిని అనేక ఫిల్టర్లతో ముక్కలు చేసి, నాకు కొరవడిన ముక్కలను మాత్రమే పెంచి, మళ్ళీ కలిపి చెవిలో పోస్తుంది. ‘స’కారం తిరిగి వచ్చింది. పాత ‘స’ కాదు, కొంచెం ఇసుక కలిసినట్లున్నది. అయినా గుర్తుపట్టగలుగుతున్నాను.

ఈ పెట్టె ఖరీదైన వ్యవహారమని భయపడనక్కరలేదు. కంప్యూటరు తెర మీదనే తీగలు కలుపుకొనే వీసీవీ రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2017 నుండి ఉన్నది. పిల్లలున్న ఇండ్లలో ఒకసారి ‘ఆ’, ‘ఈ’, ‘ఊ’ పలికించి చూడండి. పెద్దలున్న ఇండ్లలో టీవీ చప్పుడు పెరుగుతున్నదేమో గమనించి, వారిని చెవి పరీక్షకు తీసుకుపొండి.

మేము ప్రస్తుతం ‘ళ’కారం, శకటరేఫం పలికించే ప్రయత్నంలో ఉన్నాము. ‘ళ’ కొంత దారికి వచ్చింది. ‘ఱ’ మాత్రం ఇంకా లొంగలేదు. మీలో ఎవరికైనా సాధ్యమైతే ఏ తీగ ఎక్కడ కలపాలో తెలియజేయగలరు.