అత్తయ్యగారి పుస్తకానికి ఛార్జింగ్ నిలవాలంటే

కుక్కర్ విజిల్ రాకపోతే ముందు గాస్కెట్ చూస్తాం. మిక్సీ ఆగిపోతే కింద ఉన్న ఎర్ర బొత్తాం నొక్కుతాం. మరి చేతిలో పట్టుకుని చదువుకునే పలకలాంటి ఈ-రీడర్ మొరాయిస్తే? “పిల్లలు రానీ, చూస్తారులే” అని బీరువాలో పెట్టేస్తాం. కుక్కర్‌ని బాగుచేసుకునే మనకి అదేమంత బ్రహ్మవిద్య చెప్పండి!

మా అత్తయ్యగారికి 78 ఏళ్ళు. ఒకప్పుడు ద్వారకానగర్ పౌరగ్రంథాలయం నుంచి నవలలు తెప్పించుకుని చదివిన మనిషి. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది గానీ, సన్నక్షరాలు ఇప్పటికీ ఆనవు. అది చూసి మా ఆడపడుచు కొడుకు ఒక ఈ-రీడర్ కొనిచ్చాడు. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. ఆవిడ సంబరం చూడాలి! తీరా చూస్తే రెండ్రోజులకే ఛార్జింగ్ అయిపోయేది. మధ్యాహ్నం కథ మంచి పట్టులో ఉండగా తెర మూసుకునేది. నెల తిరిగేసరికి ఆవిడ, “ఇంక నాకు చదువు రాసిపెట్టి లేదమ్మా” అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. పనులు చేసుకోలేని వయసులో ఆవిడకి మిగిలిన కాలక్షేపం అదొక్కటే. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ పూటే సెట్టింగులు ఒక్కొక్కటీ తెరిచి చూశాను.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఫోన్ తెర వెలుగుతున్నంతసేపూ కరెంటు తింటూనే ఉంటుంది. ఈ-రీడర్ తెర అలా కాదు. అందులో వెంట్రుకంత సన్నని గుళికలుంటాయి. వాటి నిండా తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు తగలగానే కొన్ని పైకొస్తాయి, కొన్ని కిందికి పోతాయి. అదే అక్షరం. ఆ తర్వాత కరెంటు లేకపోయినా అక్షరం చెదరదు. మన వాకిట్లో ముగ్గులాగన్నమాట. వేసేటప్పుడే శ్రమ, వేశాక దానంతటదే ఉంటుంది. అందుకే సవ్యంగా ఉన్న ఈ-రీడర్ ఒకసారి ఛార్జ్ చేస్తే వారాల తరబడి వస్తుంది.

మరి రెండ్రోజులకే ఎందుకు అయిపోయింది? మూడు కారణాలు దొరికాయి.

మొదటిది వైఫై. చదివేటప్పుడు దాంతో పనిలేదు. పుస్తకం దింపుకోగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

రెండోది ముందు లైటు. అది పూర్తిగా పెంచి ఉంది. పగలు కిటికీ పక్కన కూర్చుంటే లైటు అక్కర్లేదు. రాత్రికి కొద్దిగా చాలు.

మూడోది, ఒకేసారి వంద పుస్తకాలు నింపడం. వాటిలోని మాటలన్నిటికీ అది లోపల్లోపల పట్టిక రాసుకుంటుంది. ఆ పని అయ్యేదాకా బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. అయిదారు చొప్పున వేసుకుంటే సరి.

అప్పటికీ బిగుసుకుపోతే, పవర్ బొత్తాం అర నిమిషం పైన నొక్కి పట్టుకోండి. ఆగి మళ్ళీ మొదలవుతుంది. పుస్తకాలు ఎక్కడికీ పోవు.

తెలుగు పుస్తకాలతో ఇంకో తంటా ఉంది. స్కాన్ చేసిన పాత పుస్తకాలు పీడీఎఫ్‌లో వస్తాయి. అవి ఫొటోల్లాంటివి, అక్షరం ఒక్కటీ పెరగదు. తెరని అడ్డంగా తిప్పి, అంచులు కత్తిరించే సెట్టింగు పెడితే కొంత నయం. ఈపబ్ రకం దొరికితే అదే తీసుకోండి. అందులో అక్షరం పెంచుకోవచ్చు. వత్తులు విడిపోయి కనిపిస్తే, గళ్ళు గళ్ళుగా వస్తే, అది తెలుగు ఫాంటు లోపమే గానీ మీ కళ్ళది కాదు!

మన విశాఖ ఎండ, ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలా? లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎండ పడే కిటికీ గట్టు మీద, స్టవ్ పక్కన పెట్టకండి. పూర్తిగా సున్నాకి వచ్చేదాకా ఆగకుండా 20 శాతం దగ్గరే ఛార్జింగ్ పెట్టండి. వాడకుండా దాచేటప్పుడు సగం ఛార్జింగ్‌తో ఉంచండి. ఛార్జర్ గుచ్చే కన్నంలో పిన్నీసు పెట్టి కెలకవద్దు. వెనకభాగం ఉబ్బితే మాత్రం వెంటనే వాడడం ఆపి సర్వీసు వాళ్ళకి చూపించండి. చెత్తబుట్టలో వెయ్యకండి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మనం పడ్డ అవస్థ మరిచిపోలేదు కదా? అలాంటి రోజుల్లో కూడా పగటి వెలుతురులో చదువుకోగల వస్తువిది. తుపాను హెచ్చరిక రాగానే కొవ్వొత్తులు, బియ్యంతోపాటు దీన్నీ నిండా ఛార్జ్ చేసి ఉంచుకోండి.

ఇప్పుడు అత్తయ్యగారు రోజూ రెండు గంటలు చదివినా పది పన్నెండు రోజులు ఛార్జింగ్ నిలుస్తోంది. ఏరోప్లేన్ బొమ్మ ఎక్కడుందో ఆవిడే చూసుకుంటున్నారు. మీ ఇంట్లో కూడా ఓ మూల మూగగా పడున్న ఈ-రీడర్ ఉంటే, ఈ ఆదివారం ఓ అరగంట దానికి కేటాయించండి. ఎవరో ఒక పెద్దావిడ మధ్యాహ్నాలు మళ్ళీ నిండుతాయి.