చీటీ పాటయు రక్తపుపోటును

2024 జనవరిలో మా పాఠశాల ఉపాధ్యాయులు కొందరు కలిసి యారంభించిన 5,00,000 రూపాయల చీటీలో, నెలకు 20,000 చొప్పున 25 నెలలు కట్టు నొడంబడికపై, నేనును చేరితిని. పెద్దమ్మాయి చదువునకో, మిరపచేనిలో బోరు వేయించుటకో యక్కరకు వచ్చునన్న తలంపుతో చేరిన యా చీటీని ఆగస్టు నెలలో, ఎనిమిదవ పాటయందు, చీటీ నడుపువారి కమీషనుతో కలిపి 1,20,000 తగ్గించి పాడి, 3,80,000 రూపాయలు తీసికొని యింటికి వచ్చితిని. ఆ సొమ్ము చదువునకును గాదు, బోరునకును గాదు. నా పొట్టపై వ్రేలాడుచున్న చర్మమును కోయించుకొనుటకు. ఏబదియవ యేట, పొదిలివంటి యూరిలో, రక్తపుపోటునకు మాత్రలు మ్రింగుచున్న యొక తెలుగు పండితురాలు ఇట్టి పనికి పూనుకొనుట తగునా యని యడిగినవారికి నేనిచ్చిన సమాధానము నేటికిని మారలేదు. తగును. కాని యా పనికి నేను డబ్బు సమకూర్చుకొన్న తీరు మాత్రము తగినది గాదు.

నాకు రక్తపుపోటు ఉన్నదని 2019లో తెలిసినది. తలనొప్పియని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోగా నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి చూచి 172/106 అని చెప్పినది. డాక్టరుగారు మొదట ఆమ్లోడిపిన్, పిమ్మట టెల్మిసార్టాన్ మాత్రలు వ్రాసియిచ్చి, బరువు తగ్గవలయునని గట్టిగా చెప్పిరి. నాటినుండి తెల్లవారకమునుపే లేచి చెరువుకట్టపై నడచుచు, రాత్రివేళ అన్నము మాని జొన్నరొట్టె తినుచు, మూడేండ్లలో 18 కిలోలు తగ్గితిని. పోటు 130/84 ప్రాంతమున నిలిచినది. బరువు పోయినది గాని, రెండు కాన్పులును ఆపరేషనుతోనే యైన నా పొట్టపై చర్మము మరల బిగియక, ఖాళీ గోనెసంచివలె ముందునకు జారి, మా పొదిలి యెండలకు ఆ మడతలలో చెమట నిలిచి యొరసి పుండ్లు పడుచు, చీర కుచ్చిళ్లు దోపుకొనుటకు చోటు లేక, తరగతిలో నల్లబల్లవైపు తిరుగుటకు సైతము సంకోచపడవలసి వచ్చెడిది. వైద్యులు దీనిని రోగమనరు. నేనును అనను. కాని మూడేండ్లు శ్రమించి సాధించుకొన్న యారోగ్యము అద్దములో కానరాకుండుట నాకు నిజమైన దుఃఖముగానే యుండెను.

గుంటూరులోని యొక ఆసుపత్రివారు 2,20,000 రూపాయలకు ఎస్టిమేటు వ్రాసియిచ్చిరి. ఆ కాగితపు అడుగున చిన్న యక్షరములలో 'జీయస్టీ అదనము' అని యుండెను. వైద్యమునకు పన్ను లేదుకదా యని నేను వాదింపగా, బిల్లులు వ్రాయు కుఱ్ఱవాడు ఓపికతో వివరించినాడు. 2017 జులై నుండి అమలులోనున్న ఆ పన్నులో వైద్యసేవలకు మినహాయింపు కలదు గాని, అందమునకై చేయు శస్త్రచికిత్సలకును, జుట్టు నాటించుకొనుటకును లేదు. గ్రహణం మొర్రివంటి పుట్టుకలోపమును సరిచేయుటకో, ప్రమాదమున చెడిన యవయవమును బాగుచేయుటకో యైనచో ఆ మినహాయింపు వర్తించును. నా పొట్ట ఆ రెండింటిలో దేనికిని చెందదు. 18 శాతము చొప్పున 39,600 చేరి, మొత్తము 2,59,600 అయినది.

ఆరోగ్యబీమా విషయమున నేను చేసిన పొరపాటు ఇంతకంటె పెద్దది. 2021లో పాలసీ తీసికొన్నప్పుడు రక్తపుపోటును దాచక వ్రాసితిని. అందులకు ప్రీమియము కొంత హెచ్చినది. ముందునుండి యున్న జబ్బులకు నిరీక్షణకాలమును బీమా నియంత్రణ సంస్థ 2024లో 48 నెలలనుండి 36 నెలలకు తగ్గించినందున, ఇక నా పోటువలన ఏ చిక్కు వచ్చినను బీమావారే చూచుకొందురని ధైర్యముగా నుంటిని. పాలసీ కాగితములు తీసి, కన్నులజోడు పెట్టుకొని చదువగా, ప్రామాణిక మినహాయింపులలో 8వ సంఖ్య కనబడినది. రూపము మార్చుకొనుటకై చేయించుకొను శస్త్రచికిత్స, ప్రమాదమో కాలిన గాయమో క్యాన్సరో కారణమైన పునర్నిర్మాణమైననేగాని, లేక ప్రత్యక్షమైన యారోగ్యప్రమాదమును తొలగించుటకు అవసరమైననేగాని, చెల్లదు. అట్టి చికిత్సవలన పుట్టిన చిక్కులకును చెల్లదని నా పాలసీలో వేరుగా వ్రాసియున్నది. అనగా బల్లపైనున్నప్పుడు నా పోటు పెరిగి రక్తస్రావమై మరల కోసి చూడవలసివచ్చిన యెడల, ఆ ఖర్చంతయు నాదే. నాలుగేండ్లు ప్రీమియము కట్టిన దానను, ఆ పుటను మొదటిసారి చదివినది ఆనాడు.

అత్తగారు మొదటినుండియు అంగీకరింపలేదు. "ఆ సినిమా పిల్ల సంగతి మర్చిపోయినావా అమ్మాయ్? ముప్పై యేళ్లు దాటినాయో లేదో, కొవ్వు తీయించుకోబోయి ఏమైందో పేపర్లో నువ్వే గదా చదివి చెప్పింది" అని కన్నీరు పెట్టుకొనిరి. ఆమె చెప్పినది ఆర్తి అగర్వాల్ మాట. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చిత్రముతో తెలుగువారి యింటి పిల్లయైన యా నటి, కొవ్వు తొలగించు శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారములకు, 2015 జూన్ 6వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, 31 ఏండ్ల వయస్సున కన్నుమూసినది. అత్తగారి భయమును నేను చాదస్తముగా తలంపలేదు. అయినను పాడిన చీటీ ఇంటిలో నున్నది. నెలనెలా వాయిదా తరుముకొని వచ్చుచున్నది.

దసరా సెలవులలో చేయుటకు నిశ్చయమై, 50,000 అడ్వాన్సు కట్టితిని. వారము ముందుగా మత్తు డాక్టరమ్మ నన్ను పిలిపించి, ఈసీజీ, ఎకో, మూత్రపిండములకై క్రియాటినిన్, రక్తములోని పొటాషియము చూపించి (ఇవి 6,200 రూపాయలైనవి), ఒక చిన్న కాగితముపై వ్రాసియిచ్చినది: టెల్మిసార్టాన్ ముందురోజున ఆపవలయును, ఆమ్లోడిపిన్ ఆనాటి యుదయము ఆరు గంటలకు రెండు గుక్కల నీళ్లతో తప్పక వేసికొనవలయును. ఆ కాగితమును పర్సులో మడిచిపెట్టుకొని, నేను పొరుగింటి యక్క మాట వింటిని. ఆమె మోకాలి ఆపరేషనుకు ముందు అయిదు రోజులు బిళ్లలు ఆపించిరట. "ముందుగాల్నే మానెయ్ మేడమ్, బిళ్ల ఒంట్లో ఉంటే మత్తు సరిగ్గా ఎక్కదంట" అన్నది. ఆమెకు ఆపించినది రక్తము పలుచనచేయు మాత్ర. నేను మానినవి రక్తపుపోటు మాత్రలు, రెండును, నాలుగు రోజులు ముందుగా.

ఆ యుదయము ఏడు గంటలకు నన్ను ఆకుపచ్చ గౌనుతో మంచముపై కూర్చుండబెట్టిరి. రాత్రి లాడ్జిలో కన్ను మూతపడలేదు. నీలిరంగు పట్టీ మోచేతిపైన బిగిసి, సడలబోయి, చాలక మరల బిగిసి, వ్రేళ్లు నల్లబడునంతవరకు పట్టి విడిచినది. 186/114. అరగంట పడుకొనుమనిరి. 182/112. కుడిచేతికి మార్చిరి. 184/110. మత్తు డాక్టరమ్మ వచ్చి మంచపుటంచున కూర్చున్నది.

"పొద్దున బిళ్ల వేసుకున్నారా టీచరమ్మా?"

"లేదండీ. నాలుగు రోజులైంది ఆపి."

"అయితే ఈరోజు చెయ్యమమ్మా."

"ఏదన్నా ఇంజెక్షనిచ్చి దించి చెయ్యలేరా డాక్టరుగారూ? చీటీ పాడి తెచ్చిన సొమ్మండీ. సెలవులు మళ్లీ దొరకవు."

"ఉన్నపళంగా దించితే మెదడుకీ గుండెకీ కిడ్నీలకీ రక్తం చాలదమ్మా. ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషనైతే తెగించి చేస్తాం. ఇది ఆగగలిగిన ఆపరేషను. ఆగుదాం."

180/110 దాటినచో ఆగగలిగిన శస్త్రచికిత్సను వాయిదా వేయుట మత్తువైద్యుల సామాన్య నియమమని ఆమె చెప్పినది. పొట్ట చర్మమును అంత వెడల్పున పైకిలేపి కోసినప్పుడు అసంఖ్యాకములైన చిన్న రక్తనాళములు తెగును. మత్తులో పోటు తగ్గియున్నప్పుడు అవి మూసికొన్నట్లే కనిపించును. మెలకువ వచ్చి, నొప్పియో వాంతియో మూత్రము నిలుచుటయో పోటును ఎగదోసిన క్షణమున, ముందే అదుపు లేని దేహములో, అవి మరల తెరచుకొనును. అప్పుడు చర్మము క్రింద రక్తము గడ్డకట్టి, మరల థియేటరునకు కొనిపోవలసివచ్చును. ఆ రెండవ ప్రయాణమునకు ఎస్టిమేటు ఎవరును ముందుగా వ్రాసియియ్యరు.

ఆ మంచముపై కూర్చుండి నేను ఆమెను బతిమాలుకొన్న మాటను ఇప్పటికిని మరచిపోలేకున్నాను. ప్రాణముమీద తీపి గల స్త్రీ, ఇద్దరు పిల్లల తల్లి, 184/110 అని చెప్పిన వెంటనే అనవలసిన మాట అది గాదు. నాచేత ఆ మాట అనిపించినది చీటీ. జీతములోనుండి మిగిల్చి దాచిన సొమ్మైనచో ఇంటికి తిరిగివచ్చి, మరల బ్యాంకులో వేసి, వచ్చు వేసవి వరకు నిమ్మళముగా నుండియుందును. 1,20,000 నష్టపడి తెచ్చిన సొమ్ము ఖర్చు పెట్టమని తొందరపెట్టును. రక్తపుపోటు గలవారికి ఆ తొందరయే గిట్టనిది. పది రూపాయలు చేయని నాలుగు రోజుల మాత్రలు మానుట ఒక తప్పు. ఆ తప్పు చేసి, నిలువుమన్న డాక్టరును నిలువవలదనుట ఇంకొక తప్పు. రెండవదానికి మూలము నా పద్దుల పుస్తకములోనే యున్నది.

అడ్వాన్సులో 10,000 మినహాయించుకొని తక్కినది వాపసు చేసిరి. కారు, లాడ్జి 9,200. మిగిలిన సొమ్మును డిపాజిట్టు చేసి, 2,200 పెట్టి పోటు చూచు యంత్రము కొని, ఉదయము సాయంకాలము వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము పెట్టితిని. ఊరగాయ, అప్పడములు మానితిని. దినమునకు అయిదు గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుమాట మా యింటి గోంగూర పచ్చడికి కొలిచి చూచినప్పుడు నాకు భయము కలిగినది.

ఇంతలో 2025 ఫిబ్రవరి వచ్చినది. గుంటూరు యార్డులో మిరప ధర కూలిపోయి, కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించిన కాలమది. మావారు కల్లములో ఎండబోసిన కాయను చూచుచు రెండు దినములు మాటలాడలేదు. కోతకూలికి చేతిలో డబ్బు లేదు. డిపాజిట్టునుండి 1,50,000 తీసి యిచ్చితిని. దసరానాడు నా పోటు దిగియుండినయెడల ఆ సొమ్ము అప్పటికే ఆసుపత్రి గల్లాలో నుండెడిది. మేము కూలివారికై నూటికి రెండు వడ్డీకి వీధిలోనికి పోయెడివారము. సహోపాధ్యాయిని యొకతె పర్సనల్ లోను తీసికొని వాయిదాలలో కట్టుమని సలహా చెప్పినది. వలదంటిని. జీతములోనుండి మూడు నెలలలో 90,000 మిగిలిననే చేయించుకొందును, లేకున్న లేదు అని మావారితో చెప్పితిని. మిగిలినది.

2025 మే నెలలో, నోటుపుస్తకము చంకన పెట్టుకొని మరల అదే డాక్టరమ్మ యెదుట కూర్చుంటిని. పరీక్షలు మరల 5,400. ఆమె ఏడు నెలల యంకెలను వ్రేలితో వెంబడి చదివి, చివరి పుటపై చేయి యుంచి, "ఇప్పుడు పదండి టీచరమ్మా" అన్నది. ఆ యుదయము ఆరు గంటలకు ఆమ్లోడిపిన్ రెండు గుక్కల నీళ్లతో వేసికొంటిని. పోటు 132/82. మూడు రాత్రులుంచి పంపిరి. ఇంటికి వచ్చిన తరువాత కోత క్రింద నీరు చేరి నాలుగుమార్లు తీయించుకొనవలసివచ్చినది. నడికట్టు, మందులు, ఆ నీటి ఖర్చు కలిసి 17,500. వేసవి సెలవులగుటచే జీతము పోలేదు.

పద్దు ఇది: ఆపరేషను పన్నుతో 2,59,600, పరీక్షలు రెండు పర్యాయములకు 11,600, దసరా నష్టము 19,200, మే ప్రయాణము, లాడ్జి 11,000, తరువాతి చికిత్స 17,500. మొత్తము 3,18,900. ఎస్టిమేటు కాగితముపై 2,20,000. ఇందులో చీటీ పాట నష్టమును కలుపలేదు.

రక్తపుపోటు గలిగి ఇట్టి చికిత్సను తలపెట్టిన సోదరీమణులకు నా ప్రార్థన యొకటి కలదు. పోటు కారణముగా వాయిదా పడినచో అడ్వాన్సులో ఎంత తిరిగి యిత్తురో, రెండవసారి థియేటరునకు కొనిపోవలసివచ్చిన ఖర్చు ఎవరిదో, ఆసుపత్రివారిచేత కాగితముపై వ్రాయించుకొని యానక డబ్బు కట్టుడు. మీ మాత్రల పేర్లు, అవి ఎన్నడు ఆపవలయునో ఎన్నడు ఆపరాదో మత్తు డాక్టరు నోటినుండియే వినుడు. పోటును బీమావారియొద్ద గాని, డాక్టరుయొద్ద గాని దాచకుడు.

2026 జనవరి నెలలో చీటీ చివరి వాయిదా కట్టితిని. ఆ నాటి యుదయము నోటుపుస్తకములో 128/80 అని యున్నది.